మతిమరుపు మొదలైన పెద్దలకు కంటి స్కాన్: చేయించే తీరు, రిపోర్టు చదివే తీరు

కంటి స్కాన్‌తో అల్జీమర్స్ ముందే తెలిసిపోతుందన్న వార్తలో సగమే నిజం. కంటి వెనుక కాంతిని గ్రహించే రెటీనా పొరలు పలచబడటానికీ, మెదడు పనితీరు తగ్గడానికీ సంబంధం ఉందని పెద్ద అధ్యయనాల్లో తేలింది. కానీ ఒక స్కాన్ చూసి ఒక మనిషికి డిమెన్షియా ఉందనో, రాబోతోందనో చెప్పే స్థితి ఇంకా రాలేదు. అలాగని స్కాన్ దండగ కాదు. పద్ధతిగా చేయిస్తే చూపు లోపాన్ని మతిమరుపు అనుకునే పొరపాటు తప్పుతుంది, నీటికాసులూ (గ్లాకోమా) షుగరూ బీపీ చాటుగా చేసిన నష్టం బయటపడుతుంది, రెండేళ్ల తర్వాత పోల్చి చూసుకోవడానికి ఒక ఆధారం చేతిలో ఉంటుంది. బెంగళూరులో అమ్మానాన్నల్నో అత్తమామల్నో దగ్గర పెట్టుకుని చూసుకుంటున్నవారు ఈ పని ఎలా చేయించాలో, ఎక్కడ తప్పు జరుగుతుందో ఇక్కడ చెబుతున్నాం.

కన్ను మెదడు గురించి ఏం చెప్పగలదు

తల్లి కడుపులో పిండం పెరిగేటప్పుడు మెదడు ముందు భాగం నుంచి బయటికి పొడుచుకొచ్చిన తొడిమే తర్వాత రెటీనా అవుతుంది. రెటీనాలోని గాంగ్లియన్ కణాల నుంచి బయలుదేరే పోగులు ఒక్కో కంటికి 10 లక్షల పైచిలుకు. అవన్నీ కట్టగా చేరి దృష్టి నాడిగా మెదడులోకి వెళ్తాయి. అల్జీమర్స్‌తో చనిపోయిన వారి దృష్టి నాడుల్లో ఈ పోగులు క్షీణించి ఉన్నాయని డేవిడ్ హింటన్ బృందం 1986లోనే చూపించింది. 1991లో ఓసీటీ (మనం చెప్పుకుంటున్న కంటి స్కాన్ ఇదే) వచ్చాక, బతికున్న మనిషి కంట్లోనే ఈ పొరల మందాన్ని కొలవడం వీలైంది. కంటికి తెలియని పరారుణ కాంతిని లోపలికి పంపి, అది తిరిగొచ్చే తీరును బట్టి ఒక్కో పొరను విడదీసి చూపే మెషీన్ ఇది. ఎక్స్‌రే కిరణాలు లేవు, సూది లేదు, పరగడుపున ఉండనక్కర్లేదు.

2018లో రెండు పెద్ద అధ్యయనాలు వెలువడ్డాయి. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్ అనే పెద్ద ఆరోగ్య అధ్యయనంలో 32 వేల మందికి పైగా పరీక్షించి, నాడీ పోగుల పొర పలచగా ఉన్నవారికి జ్ఞాపకశక్తి, ఆలోచనా పరీక్షల్లో మార్కులు తక్కువ వచ్చే అవకాశం ఎక్కువని చూపించారు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనంలో, ఆ పొర పలచగా ఉన్నవారికి తర్వాతి ఏళ్లలో డిమెన్షియా వచ్చే ముప్పు ఎక్కువని తేలింది.

మరి ఒక్క మనిషికి ఇది ఎందుకు పనికిరాదు? లెక్క చూడండి. దృష్టి నాడి చుట్టూ ఉండే నాడీ పోగుల పొర, అంటే రిపోర్టులో కనిపించే ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్, సగటు మందం ఆరోగ్యవంతుల్లో 90 నుంచి 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దగ్గర ఉంటుంది. ఏ జబ్బూ లేని ఇద్దరిలో ఒకరికి 80, మరొకరికి 100 ఉండటం మామూలే. వయసుతో పదేళ్లకు సుమారు 2 మైక్రాన్లు తగ్గుతుంది. అదే మనిషికి అదే మెషీన్‌పై వెంటనే మళ్లీ తీస్తే 4 మైక్రాన్ల దాకా తేడా రావచ్చు. డిమెన్షియా ఉన్న గుంపుకూ లేని గుంపుకూ సగటున ఉండే తేడా కూడా కొన్ని మైక్రాన్లే. వేలమంది సగటు తీస్తే ఆ తేడా తేలుతుంది, ఒక్కరి రిపోర్టులో మామూలు హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. ఈ ఒక్క విషయం మనసులో ఉంటే ఎవరు ఏ ప్యాకేజీ అమ్మజూపినా మోసపోరు.

స్కాన్ కన్నా ముందు చూడాల్సినవి

నిన్నటిదాకా బాగున్న మనిషి గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో తికమకపడుతుంటే, పగలూ రాత్రీ తేడా తెలియక మాట్లాడుతుంటే అది డిమెన్షియా తీరు కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, షుగర్ తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, తలకు తగిలిన దెబ్బ, ఇలా ఏదో ఒకటి ఉంటుంది. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా నిమిషాలు లెక్క. ఈ రెండు సందర్భాల్లోనూ కంటి ఆసుపత్రికి కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

నెలల తరబడి నెమ్మదిగా వచ్చిన మతిమరుపు అయితే ముందు రక్త పరీక్షలు: హిమోగ్లోబిన్, థైరాయిడ్, సోడియం, షుగర్, క్రియాటినిన్, విటమిన్ బీ12. శాకాహారుల్లోనూ, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ బీ12 తగ్గడం చాలా చూస్తాం. బీ12 లోపం మతినీ మందగింపజేస్తుంది, దృష్టి నాడినీ పలచబరుస్తుంది. దాన్ని చూడకుండా ఓసీటీ తీస్తే పలచదనాన్ని తప్పుగా అర్థం చేసుకుంటాం. తర్వాత వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్, నిద్రకూ నొప్పులకూ ఇచ్చే ఆమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ పెద్దవారిలో మతిని మసకబారుస్తాయి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు, అడిగి మార్పించండి.

వినికిడి కూడా చూడాలి. చెవి సరిగా వినపడని మనిషి అడిగినదానికి పొంతన లేని జవాబిస్తే ఇంట్లోవాళ్లు మతిమరుపు అనుకుంటారు.

ఏ భాషలో పరీక్ష

బెంగళూరులో ఇది పట్టించుకోవాల్సిన సంగతి. కోలారు, చింతామణి, బాగేపల్లి వైపు నుంచి వచ్చిన ఎన్నో కుటుంబాల్లో పెద్దవారు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదివారు. ఇంకొందరు చిత్తూరు, అనంతపురం నుంచి ఈమధ్యే పిల్లల దగ్గరికి వచ్చి కన్నడం అసలు రానివారు. జ్ఞాపకశక్తి పరీక్ష ఇంగ్లీషులోనో హిందీలోనో పెడితే వారికి మార్కులు పడిపోవడం ఖాయం. ఏసీఈ-3 అనే పరీక్ష తెలుగులోనూ కన్నడంలోనూ ఉంది. ఐసీఎంఆర్ తయారుచేసిన న్యూరో కాగ్నిటివ్ టూల్ బాక్స్ తెలుగులోనూ ఉంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "మా అమ్మగారికి తెలుగులో పరీక్ష చేయగలరా? ఆమె ఎంతవరకు చదువుకున్నారో బట్టి మార్కులు చూస్తారా?" అని అడగండి. నిమ్హాన్స్‌లో జ్ఞాపకశక్తి సమస్యలు చూసే క్లినిక్ ఉంది. పాత రిపోర్టులు, మందుల చీటీలు, మార్పు ఎప్పుడు మొదలైందో రాసిన ఒక కాగితం వెంట ఉండాలి.

కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేసిన రోజున జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టించొద్దు. దగ్గరివి మసకగా కనిపిస్తాయి కాబట్టి గడియారం బొమ్మ గీయలేరు, బొమ్మల పేర్లు చెప్పలేరు, రాయలేరు. ఆ మార్కుల్ని నమ్మితే లేని జబ్బు అంటగట్టినట్టే. రెండూ వేర్వేరు రోజుల్లో పెట్టుకోండి. మతి పరీక్షకు వెళ్లేటప్పుడు కొత్త నంబరు చత్వారం అద్దాలు, చెవి మెషీన్ ఉంటే అదీ తప్పనిసరి.

కంటి డాక్టరుకు ఏం చెప్పాలి

"చూపు సరిగా లేదు" అని ఊరుకుంటే చాలదు. ఏ పని చేసేటప్పుడు ఇబ్బందో చెప్పాలి. ఎందుకంటే అల్జీమర్స్‌లో ఒక రకం మతిమరుపుతో కాకుండా చూపుతోనే మొదలవుతుంది. పోస్టీరియర్ కార్టికల్ అట్రఫీ అంటారు. మెదడు వెనుక భాగం దెబ్బతినడం వల్ల కన్ను చూసినదాన్ని మెదడు పోల్చుకోలేదు. అక్షరాలు ఒక్కొక్కటిగా చూపిస్తే చార్టులో చిన్న అక్షరాల 6/9 వరుస దాకా చదివేస్తారు, కానీ పేపరులో వరుస తప్పుతారు. ఎదురుగా ఉన్న గ్లాసు వెతుక్కుంటారు. మెట్టు ఎక్కడుందో అంచనా తప్పి కాలు గాల్లో పెడతారు. చొక్కా చేతులు ఏవో తెలియక తికమకపడతారు. ఇలాంటివారు ఏడాదిలో రెండు మూడుసార్లు కళ్లద్దాలు మార్చి, శుక్లం ఆపరేషనూ చేయించుకుని, అయినా కనిపించట్లేదని అంటూ ఉంటారు. వయసు కూడా 55, 60 దగ్గరే కావచ్చు. కన్ను బాగుందంటున్నా చూపు పనికి రావట్లేదంటే న్యూరాలజిస్టును చూడాలి, ఎంఆర్ఐ తీయించాలి. దీనికి ఓసీటీ మీద ఆధారపడకూడదు.

ఇంకొకటి, లేని మనుషులు, పిల్లలు, జంతువులు కనిపిస్తున్నాయని పెద్దవారు చెబితే దెయ్యమనో పిచ్చనో దాచిపెట్టకండి. చూపు బాగా తగ్గినవారికి ఇలాంటి దృశ్యాలు కనిపించడం చార్లెస్ బానెట్ సిండ్రోమ్. అవి నిజం కావని వారికి తెలుస్తూనే ఉంటుంది, మతి బాగానే ఉంటుంది. అదే దృశ్యాలతో పాటు నడక బిగుసుకుపోవడం, నిద్రలో చేతులూ కాళ్లూ విసరడం, ఒక రోజు చురుగ్గా మరో రోజు మందంగా ఉండటం కనిపిస్తే లెవీ బాడీ డిమెన్షియా అనుమానించాలి. ఈ రెంటికీ వైద్యం వేరు. లెవీ బాడీ ఉన్నవారికి కొన్ని మానసిక వైద్యపు మందులు ప్రమాదకరం కూడా. అందుకే ఈ వివరం డాక్టరుకు చేరాలి.

కుటుంబంలో నీటికాసులు ఉన్నాయా, షుగర్ ఎన్నేళ్లుగా ఉంది, అద్దాల నంబరు చిన్నప్పటి నుంచి మైనస్ 6 దాటి ఉందా, ఎప్పుడైనా టీబీకి ఎథాంబ్యుటాల్ వాడారా, ఒక కన్ను ఉన్నట్టుండి మసకబారిన సందర్భం ఉందా: ఈ ప్రశ్నలకు జవాబులు ముందే రాసి పెట్టుకోండి. స్కాన్ రిపోర్టు చదివేటప్పుడు ప్రతి ఒక్కటీ పనికొస్తుంది.

స్కాన్ రోజు

ఉదయం మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోండి. మతి మందగించినవారికి సాయంత్రానికి అలసట, చిరాకు ఎక్కువవుతాయి. మామూలుగా టిఫిన్ తినిపించి, బీపీ, షుగర్ మందులు వేళకు ఇచ్చి తీసుకెళ్లండి. మొత్తం మీద మూడు గంటలు పడుతుందనుకోండి, దానికి దారిలో ట్రాఫిక్ కలుపుకోండి. చుక్కలు వేశాక నాలుగు నుంచి ఆరు గంటలు ఎండ భరించలేరు, అందుకని నల్ల కళ్లద్దాలో టోపీయో ఉండాలి. వీలైతే ఇద్దరు వెళ్లండి. ఒకరు కౌంటరు దగ్గర నిలబడితే మరొకరు పెద్దవారి పక్కన ఉంటారు. ప్రభుత్వ ఆసుపత్రి కావాలంటే చామరాజపేట వైపున్న మింటో కంటి ఆసుపత్రి కృష్ణరాజేంద్ర మార్కెట్ మెట్రో స్టేషన్‌కు దగ్గరే. ప్రైవేటులో నగరమంతా ఓసీటీ మెషీన్లున్నాయి. ధర చోటును బట్టి మారుతుంది. రెండు కళ్లకా ఒక కంటికా, నాడికీ, సూటి చూపునిచ్చే రెటీనా నడిభాగమైన మాక్యులాకూ కలిపా విడిగానా అని ముందే అడగండి.

వరుస ఇలా ఉండాలి. ముందు అద్దాల నంబరు, చూపు పరీక్ష. తర్వాత కంటి ఒత్తిడి కొలత. తర్వాత డాక్టరు స్లిట్ లాంప్ అనే సూక్ష్మదర్శినితో కంటి ముందు గది లోతు చూడాలి. ఆ తర్వాతే చుక్కలు. లోపలి కోణం ఇరుకుగా ఉన్నవారికి చుక్కలు వేస్తే ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే ప్రమాదముంది. ఇంటికెళ్లాక కన్ను ఎర్రబడి తీవ్రంగా నొప్పి, తలనొప్పి, వాంతి, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే ఎంత రాత్రైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మన దగ్గర మామూలుగా వేసేవి ట్రోపికమైడ్, ఫెనైలెఫ్రిన్ కలిసిన చుక్కలు. ఫెనైలెఫ్రిన్ బీపీని పెంచగలదు కాబట్టి బీపీ అదుపులో లేనివారు, గుండె జబ్బు ఉన్నవారు చెప్పాలి, ట్రోపికమైడ్ ఒక్కటే వేస్తారు. సైక్లోపెంటొలేట్ చుక్కలు పెద్దవారిలో అరుదుగానైనా తికమక కలిగిస్తాయి, ఈ పనికి వాటి అవసరం లేదు.

నిజానికి కంటిపాప 3 మిల్లీమీటర్లు ఉంటే చుక్కలు లేకుండానే ఓసీటీ తీయొచ్చు. శుక్లం లేనివారికి అలా ప్రయత్నించమని అడగడంలో తప్పులేదు. రెటీనా అంచుల దాకా డాక్టరు చూడటానికి మాత్రం చుక్కలు కావాలి.

మెషీన్ ముందు కూర్చోబెట్టడం

సగం స్కాన్లు పాడయ్యేది ఇక్కడే. టెక్నీషియన్ తొందరలో ఉంటే మీరు చొరవ తీసుకోండి.

వీపు వంగినవారికి మెషీన్ ఎత్తు సరిచేయాలి తప్ప మనిషిని లాగి కూర్చోబెట్టకూడదు. గడ్డం గిన్నెలో ఆనాలి, నుదురు పట్టీకి తాకాలి. నుదురు వెనక్కి జరిగితే బొమ్మ మసకబారుతుంది. వెనక నుంచి ఇంట్లోవాళ్లు ఒక అరచేతిని తలకు మెల్లగా ఆనించి ఉంచితే చాలు. కన్ను పొడిగా ఉండేవారికి సీఎంసీ (కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్) 0.5 శాతం కృత్రిమ కన్నీటి చుక్క ఒకటి వేసి, రెండు మూడు నిమిషాలు ఆగి, పైకి వచ్చిన నీటిని తుడిచి తీయాలి. వెంటనే తీస్తే చుక్క పొరే అడ్డమొస్తుంది.

సూచనలు ఒక్క గొంతుతో, తెలిసిన భాషలో, చిన్న మాటల్లో వినిపించాలి. "అమ్మా, లోపల చుక్క కనిపిస్తోందా? దాన్నే చూడండి. ఒకసారి రెప్ప వేయండి. ఇప్పుడు తెరిచి ఉంచండి. అయిపోయింది." ఇద్దరు ముగ్గురు ఒకేసారి "చూడండి, కదలకండి" అంటే ఎటు చూడాలో తెలియక కళ్లు అటూ ఇటూ తిప్పుతారు. చుక్క రంగు ఒక్కో మెషీన్‌లో ఒక్కోలా ఉంటుంది, టెక్నీషియన్‌ని అడిగి ఆ రంగు పేరే చెప్పండి. సిరస్ అనే రకం ఓసీటీ మెషీన్‌లో నాడి చుట్టూ తీసే స్కాన్ రెండు సెకన్ల లోపే అయిపోతుంది, మాక్యులా స్కాన్ రెండున్నర సెకన్లు. అంటే నిలబెట్టాల్సింది రెండు మూడు సెకన్లే. ఒకసారి కుదరకపోతే కళ్లు మూయించి అర నిమిషం ఆగి మళ్లీ. మూడు నాలుగు సార్లయ్యాక కూడా కుదరకపోతే ఆ రోజుకు వదిలేయడం మేలు.

ఏవి తీయించాలంటే, రెండు కళ్లకూ నాడి చుట్టూ ఆర్‌ఎన్‌ఎఫ్‌ఎల్ స్కాన్, మాక్యులాలో గాంగ్లియన్ కణాల విశ్లేషణ, రంగుల ఫండస్ ఫొటో (కంటి వెనుక గోడ ఫొటో). ఇవి చాలు. రంగు ఇంజెక్షన్ లేకుండా రక్తనాళాల్ని చూపే ఓసీటీ యాంజియోగ్రఫీ పరిశోధనల్లో బాగా వాడుతున్నారు. కానీ దానికి ఎక్కువసేపు కదలకుండా ఉండాలి, చిన్న కదలికకే గీతలు పడతాయి, మతిమరుపు విషయంలో దాన్నిబట్టి వైద్యం ఏమీ మారదు. షుగరు వల్లనో మరో కంటి జబ్బు వల్లనో డాక్టరు అడిగితే తప్ప డబ్బు పెట్టనక్కర్లేదు.

రిపోర్టు చదవడం

అంకెల జోలికి వెళ్లే ముందు స్కాన్ నమ్మదగినదో కాదో చూడండి. సిరస్ రిపోర్టులో సిగ్నల్ స్ట్రెంత్ 10కి 6 కన్నా తక్కువైతే ఆ కాగితం పక్కన పెట్టి మళ్లీ తీయమనాలి, 7 పైన ఉంటే మంచిది. స్పెక్ట్రాలిస్ అనే మరో కంపెనీ మెషీన్‌లో క్యూ అనే అంకె ఉంటుంది. 15 కనీసం, 20 దాటితే నయం. తర్వాత నాడి చుట్టూ గీసిన వలయం నడిమధ్యలో ఉందా చూడండి. పక్కకు జరిగితే ఒకవైపు పలచగా, మరోవైపు దళసరిగా తప్పు లెక్క వస్తుంది. మూడోది, పొరల అడ్డకోత బొమ్మ మీద మెషీన్ గీసిన గీతలు పొర అంచుల వెంటే వెళ్తున్నాయా, మధ్యలో కిందికి జారిపోయాయా? జారిన చోట మందం సున్నాకు దగ్గరగా చూపిస్తుంది. పక్కనే రక్తనాళాలు తెగినట్టు, మెట్టు మెట్టుగా కనిపిస్తే స్కాన్ మధ్యలో కన్ను కదిలిందన్న మాట.

ఇవన్నీ బాగుంటే అప్పుడు రంగులు. ఆకుపచ్చ అంటే ఆ వయసు ఆరోగ్యవంతుల మామూలు హద్దుల్లో ఉందని. పసుపు అంటే నూరుమంది ఆరోగ్యవంతుల్లో కింది ఐదుగురి వరుసలోకి వచ్చిందని. ఎరుపు అంటే నూటికి ఒక్కరికి మాత్రమే ఉండేంత పలచగా ఉందని. అంటే ఏ జబ్బూ లేనివారికీ ఎరుపు రావచ్చు. పైగా రిపోర్టులో నాలుగు భాగాలు, గడియారపు పన్నెండు అంకెల్లాంటి పన్నెండు ముక్కలు ఉంటాయి. ఇన్ని పెట్టెల్లో ఎక్కడో ఒకటి పసుపు పడటం చాలా మామూలు. పోల్చడానికి మెషీన్ కంపెనీలు తీసుకున్న ఆరోగ్యవంతుల జాబితాలో భారతీయులు తక్కువ, 80 దాటినవారు మరీ తక్కువ. 85 ఏళ్ల పెద్దాయన రిపోర్టులో రంగులకు ఉన్న విలువ అంతంతమాత్రమే.

పలచదనం ఉందనుకున్నప్పుడు అది ఏ తీరులో ఉందన్నదే అసలు ప్రశ్న. పైభాగమో కిందిభాగమో ఒకవైపు తగ్గి, రెండు కళ్ల సగటుల మధ్య 9 మైక్రాన్లకు మించి తేడా ఉంటే ముందు నీటికాసుల్ని అనుమానించాలి. చిన్నప్పటి నుంచి మైనస్ నంబరు ఎక్కువగా ఉన్నవారి కన్ను పొడవుగా ఉంటుంది కాబట్టి మెషీన్ తక్కువ మందం చూపిస్తుంది, దళసరి భాగాలు కణత వైపు జరిగి కనిపిస్తాయి. ఎరుపు పడినా అది జబ్బు కాకపోవచ్చు. షుగర్ చాలా ఏళ్లుగా ఉంటే రక్తనాళాల మార్పులు కనిపించక ముందే లోపలి పొరలు పలచబడతాయి. ఒక కంట్లో సగం పూర్తిగా పోయి ఉంటే ఎప్పుడో నాడికి రక్తం అందక దెబ్బతిని ఉండొచ్చు. రెండు కళ్లలోనూ మాక్యులా బొమ్మలో ముక్కువైపు సగం మాత్రమే, నిలువు గీత గీసినట్టు, పలచబడితే పిట్యూటరీ గ్రంథి గడ్డ కోసం ఎంఆర్ఐ తప్పనిసరి. దీన్ని నీటికాసులనుకుని చుక్కలు వేసుకుంటూ కూర్చోవడం ప్రమాదం.

తక్కువ మందమే కాదు, దొంగ మందం కూడా ఉంటుంది. మాక్యులాలో నీరు చేరినా, పైన సన్నటి పొర అల్లుకున్నా అంకె పెరిగి ఆకుపచ్చ పడుతుంది, లోపల కణాలు పోతున్న సంగతి కప్పేస్తుంది. అందుకే అడ్డకోత బొమ్మ చూడకుండా రంగుల కాగితం ఒక్కటి చూసి ఎవరు చెప్పినా సరిపెట్టుకోవద్దు.

గాంగ్లియన్ పొర సగటు సిరస్‌లో 80 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. ఏ కంటి జబ్బూ లేకుండా, షుగర్ లేకుండా, బీ12 బాగుండి, రెండు కళ్లలోనూ సమానంగా పలచగా ఉంటే, దానికి తోడు మతిమరుపు కూడా ఉంటే, ఆ రిపోర్టును న్యూరాలజిస్టుకు చూపించండి. వారు దాన్ని ఒక చిన్న సాక్ష్యంగా తీసుకుంటారు, ఎంఆర్ఐ, తెలుగులో చేసిన మతి పరీక్ష, ఇంట్లోవాళ్లు చెప్పిన వివరాల పక్కన పెట్టి చూస్తారు. అన్నీ ఆకుపచ్చగా వచ్చినంత మాత్రాన మతిమరుపును కొట్టిపారేయకూడదు. అల్జీమర్స్ ఖాయంగా ఉన్న చాలామందికి ఓసీటీ మామూలుగానే ఉంటుంది.

దొరికినదాన్ని బట్టి ఏం చేయాలి

శుక్లం దొరికితే అది మంచి వార్తే, బాగుచేయగలిగేది దొరికినట్టు. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ డిమెన్షియాకు దారితీసే, మనం మార్చుకోగల 14 కారణాల్లో వైద్యం చేయించని చూపు లోపాన్ని చేర్చింది. సియాటిల్‌లో 65 దాటిన 3,000 మందికి పైగా పెద్దల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, శుక్లం తీయించుకున్నవారికి డిమెన్షియా ముప్పు సుమారు 30 శాతం తక్కువగా కనిపించింది. ఆపరేషనే కారణమని ఇలాంటి అధ్యయనం రుజువు చేయలేదు. అయినా చూపు బాగుపడటం ఒక్కటే చాలు ఆపరేషన్ చేయించడానికి. మతి మందగించడం మొదలైతే వాయిదా వేయొద్దు. ఈరోజు చుక్కల మత్తుతో పది నిమిషాలు కదలకుండా పడుకోగల మనిషికి రెండేళ్ల తర్వాత పూర్తి మత్తు కావాల్సి రావచ్చు. ఆపరేషన్ తర్వాత రాత్రిపూట కంటికి రేకు కవచం, చుక్కల వేళలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిన కాగితం, వేసే బాధ్యత ఒక్కరికే. పెద్దవారికి వదిలేస్తే రెండుసార్లు వేసుకోవడమో, కన్ను నలుపుకోవడమో జరుగుతుంది.

నీటికాసులు ఉన్నవారికి మతిమరుపు వస్తే చుక్కలు మానేయడం సర్వసాధారణం, చూపు ఎవరికీ తెలియకుండా పోతుంది. వేసేది ఇంట్లోవాళ్లే కావాలి. వేశాక కన్ను మూయించి ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటే మందు ఒంట్లోకి తక్కువ వెళ్తుంది. రెండు రకాల చుక్కల మధ్య ఐదు నిమిషాల ఎడం. టిమోలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ఆయాసం ఉన్నవారికి పడదు. బ్రిమోనిడిన్ మగత తెస్తుంది. చుక్కలు మొదలైనప్పటి నుంచి మందకొడిగా ఉంటే డాక్టరుకు చెప్పి మార్పించండి. నీటికాసులకు చేసే ఫీల్డ్ పరీక్షలో వెలుగు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి, అది మర్చిపోతారు, ఫలితం భయంకరంగా కనిపిస్తుంది. అలాంటప్పుడు తక్కువ సమయం పట్టే రకం ఎంచుకోమనండి. రెండు కళ్లకూ మధ్య విరామం ఇవ్వాలి. అదీ కుదరకపోతే ఓసీటీ, ఒత్తిడి కొలతల మీదే ఆధారపడతారు.

ఫండస్ ఫొటోలో రక్తపు చుక్కలు, దూది మచ్చలు, సన్నబడ్డ ధమనులు, ధమని సిరను నొక్కిన చోట్లు కనిపిస్తే, మెదడులోని చిన్న నాళాలకూ అదే జరుగుతోందని అనుకోవాలి. ఈ ఫొటోలో చేతికందే ఫలితం ఇదే. వారం పాటు ఇంట్లో ఉదయం, సాయంత్రం బీపీ కొలిచి రాయండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), కొలెస్ట్రాల్ చేయించండి. ఆ కాగితాలతో ఫిజీషియన్‌ను కలవండి.

ప్రచారాల సంగతి

అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ రెటీనాలో కూడా ఉంటుందని లాస్ ఏంజెలెస్‌లోని మాయా కొరొన్యో-హమావి బృందం 2011లో చూపింది. పసుపులోని కర్కుమిన్‌ను ప్రత్యేకంగా తయారుచేసి తాగించి, ప్రత్యేక కెమెరాతో ఆ మచ్చల్ని వెలిగించి చూసే పద్ధతి అది. ఇంకా పరిశోధనలోనే ఉంది. పసుపు పాలు తాగించి మామూలు ఓసీటీ తీస్తే ఏమీ కనిపించదు. కంటి ఫొటోల నుంచి జబ్బుల్ని అంచనా వేసే రెట్‌ఫౌండ్ లాంటి కృత్రిమ మేధ నమూనాలు 2023 నుంచి వార్తల్లో ఉన్నాయి. అవీ పరిశోధన పరికరాలే. రక్తంలో పీటావ్217 అనే ప్రొటీన్‌ను అమిలాయిడ్‌తో పోల్చి కొలిచే పరీక్షకు 2025 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ జ్ఞాపకశక్తి లక్షణాలున్నవారికి, స్పెషలిస్టుల చేతిలో. "కంటి స్కాన్‌తో అల్జీమర్స్ స్క్రీనింగ్" అని ఎవరైనా ప్యాకేజీ చెబితే, ఎరుపు వస్తే తర్వాత ఏం చేస్తారో, ఆకుపచ్చ వస్తే ఏం చెబుతారో రాసిమ్మని అడగండి. సరైన జవాబు లేకపోతే ఆ డబ్బుతో మంచి కళ్లద్దాలు చేయించండి.

పరిశోధనకు తోడ్పడాలనుకునేవారికి బెంగళూరు మంచి చోటు. భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్, 45 దాటినవారి మతి వయసుతో ఎలా మారుతుందో ఏళ్ల తరబడి గమనిస్తోంది. కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో 10,000 మందిని లక్ష్యంగా పెట్టుకున్న అధ్యయనం వారిదే. అక్కడి పల్లెల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే.

మళ్లీ ఎప్పుడు

కంటి జబ్బు ఏదీ లేకపోతే ఏడాది లోపు మళ్లీ తీయించడం వృథా. నీటికాసుల అనుమానం ఉంటే డాక్టరు చెప్పిన వేళకు. రెండోసారి కూడా అదే ఆసుపత్రిలో, అదే కంపెనీ మెషీన్‌పైనే తీయించాలి. సిరస్‌లో 85, స్పెక్ట్రాలిస్‌లో 92 వస్తే పెరిగిందని కాదు, రెండు మెషీన్ల కొలతలు పోల్చదగ్గవి కావు. మధ్యలో శుక్లం ఆపరేషన్ అయితే సిగ్నల్ బాగుపడి అంకె పెరుగుతుంది. అప్పుడు పాతదాన్ని పక్కన పెట్టి, ఆపరేషన్ అయిన రెండు మూడు నెలలకు తీసిన స్కాన్‌ను కొత్త మొదటిదిగా లెక్కించాలి. ఏడాదిలో 2 మైక్రాన్లు తగ్గితే అది మెషీన్ తేడాయే. అదే మెషీన్‌పై మంచి సిగ్నల్‌తో 5 మైక్రాన్లు తగ్గి, ఇంకోసారి తీసినా అంతే ఉంటే కారణం వెతకాలి. సగటు 55 మైక్రాన్ల దగ్గరికి పడిపోయినవారిలో మాత్రం ఇక అంకె కదలదు, జబ్బు ముదిరినా స్కాన్‌లో తెలియదు.

రంగుల ప్రింటు లేదా పీడీఎఫ్ అడిగి తీసుకోండి, నలుపు తెలుపు జిరాక్స్‌లో ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా కనిపిస్తాయి. దాని మీద తేదీ, మెషీన్ పేరు, సిగ్నల్ అంకె, చుక్కలు వేశారా లేదా, ఆ రోజు అద్దాల నంబరు రాసి మందుల ఫైల్లోనే పెట్టండి. ఫోన్లో ఒక నకలు ఇంట్లో ఇంకొకరి దగ్గర కూడా ఉండాలి. ఇంట్లో సందేహాలు తీర్చేవారు లేకపోతే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు. చూసుకుంటున్నవారికే మనసు బరువెక్కితే టెలీ మానస్ 14416లో తెలుగులో మాట్లాడొచ్చు.